ముందు నకలు, తర్వాత రత్నం గారు

క్యారియర్ ఒక్కటి తెమ్మని కెల్లర్‌కి పంపితే మా అమ్మాయి పెట్టె మొత్తం మోసుకొచ్చింది. జిండెల్ఫింగెన్‌లో మా బిల్డింగు కింద ఒక్కో ఫ్లాటుకి ఒక్కో తడక గది ఉంటుంది, దాన్నే ఇక్కడ అందరం కెల్లర్ అంటాం. పనికిరానివీ, పారెయ్యడానికి మనసొప్పనివీ అన్నీ అందులోకే పోతాయి. ఎస్తేరు ఆంటీ స్టీలు క్యారియర్ అక్కడే ఎక్కడో ఉందని నాకు గుర్తు. నాలుగు గిన్నెలది, పిడికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది. నేను కెమ్నిట్జ్‌లో చదువుకునే రోజుల్లో ఆవిడ అందులో పప్పు పోసి ఇచ్చింది, తిరిగివ్వకుండానే నేను ఊరు మారిపోయాను, ఇరవై ఏళ్ల మాట. శనివారం ఆవిడ భర్త రత్నం గారు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు, ఇప్పుడైనా ఇచ్చేద్దామని వెతకడానికి పంపాను. ఆ వారం మెట్లు తుడిచే వంతు కూడా మాదే. వంతు బోర్డు మా తలుపుకే వేలాడుతోంది, కింది ఇంటి ముసలావిడ అప్పటికే రెండుసార్లు దాని వంకా నా వంకా చూసి వెళ్లింది. చీపురు పట్టుకుని రెండో అంతస్తులో వంగి ఉండగా పైన మా ఇంట్లోంచి నవ్వు వినబడింది. మామూలు నవ్వు కాదు, ఊపిరందని నవ్వు.

ఏమైందోనని పరుగెత్తాను. మా లియా, పద్నాలుగేళ్ల పిల్ల, నేల మీద పడి దొర్లుతోంది. పక్కన పాత లాప్‌టాప్‌లో ఏదో డిస్కు తిరుగుతోంది. తెర మీద ఒక మనిషి చొక్కాలో దిండు కుక్కుకుని, కాటుకతో మీసం దిద్దుకుని, టై కట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి ప్రార్థన చేస్తోంది. ఆ మనిషి నేనే. "మామా, దస్ బిస్ట్ యా డూ!" అంటోంది లియా, అమ్మా ఇది నువ్వేగా అని. ఆపమన్నాను. "నొఖ్‌మాల్, మామా, ఇంకొక్కసారి!" అని మళ్లీ వెనక్కి తిప్పింది. పైగా లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, "తండ్రీ, నీ సహాయము ఆలస్యమైనా ఫరవాలేదు, రద్దు మాత్రం చేయకు!" అని అప్పజెప్పింది. అమ్మమ్మతో ఫోనులో తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడమంటే ఏడుపు మొహం పెట్టే పిల్ల, ఈ ఒక్క వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా, నా గొంతుతో, నా గొంతులోని ఇంకొకరి గొంతుతో చెప్పేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవర్ని చేస్తున్నావు ఇందులో?" అని అడిగింది. శనివారం వచ్చే తాతగారినని చెప్పాను. ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, "అంటే ఆయన నిజంగా ఇలాగే చేస్తారా?" అంది. ఆ కళ్లలో మెరుపు చూడగానే నాకు నీరసం వచ్చింది. శనివారం కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టిందన్నమాట. ఆయన మా బల్ల దగ్గర లేచి నిలబడి చెయ్యి పైకెత్తగానే ఇది పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు ఒకసారి విన్నాను నేను, ఆయన ఎదురుగా. రెండోసారి వినే ఓపిక నాకు లేదు, వినిపించే హక్కు అంతకన్నా లేదు. పోయిన శీతాకాలంలో ఎస్తేరు ఆంటీ పోయింది. పని ఉందని నేను వెళ్లలేదు, పూలు పంపించాను. ఇప్పుడాయన కెమ్నిట్జ్‌లో ఇల్లు ఖాళీ చేసి, కాకినాడలో చెల్లెలి దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతున్నారు. "పోయేలోగా నా పిల్లలందర్నీ ఒకసారి చూసుకుని వెళ్తానమ్మా" అని ఫోను చేశారు. ఆ పిల్లల్లో నేనొకతెను. ఈ డిస్కు తీసింది నేనని ఆయనకి చెప్పాలంటే నాకు మిగిలింది ఒక్క మధ్యాహ్నం.

ఆ రోజుల్లో కెమ్నిట్జ్‌లో తెలుగు కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రత్నం గారు అక్కడ ఒక మెషీన్ల కంపెనీలో పనిచేసేవారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ప్రార్థన, ఆ తర్వాత భోజనం. నేనూ, నాతో హాస్టల్లో ఉండే కరుణా క్రిస్టియన్లం కాదు. కరుణ వాళ్లది హనుమకొండ, ఇంటి దేవుడు మల్లన్న. మాది రాజమండ్రి, ఇంట్లో నోములూ వ్రతాలూ. మేం అన్నం కోసమే వస్తున్నామని ఎస్తేరు ఆంటీకి తెలుసు, రత్నం గారికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ తెలిసినట్టు కనబడనివ్వలేదు. మెట్లెక్కుతుండగానే పోపు వాసన వచ్చేది. ఆ ఊళ్లో ఆ వాసనకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవారు, మేం మాత్రం రెండేసి మెట్లు ఎక్కేవాళ్లం. మామిడికాయ దొరకదని ఆవిడ వసంతకాలంలో రబార్బర్ కాడలు కోసి పప్పులో వేసేది. పుల్లగా, లేత గులాబీ రంగు తిరిగి, మొదటిసారి చూసినప్పుడు ఇదేం పప్పురా బాబూ అనుకున్నాను. తర్వాత ఆ పప్పు కోసమే పరీక్షల ముందురోజు కూడా వెళ్లేదాన్ని. "ఏంటమ్మా అలా చిక్కిపోయావ్, ఇంకో రెండు ముద్దలు తిను" అని వెంటపడేది ఆవిడ. నేను ఏ రోజూ చిక్కలేదు.

రత్నం గారికి అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. అందరి బూట్లూ వార్తాపత్రిక పరిచి వాటి ముక్కులు తలుపువైపు ఉండేలా సర్దేవారు. వెళ్లేటప్పుడు తిప్పుకునే పని ఉండకూడదని. బైబిల్లో ట్రామ్ వేళల కాగితం మడిచి పెట్టుకునేవారు. ప్రార్థన మాత్రం ఆయనది ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు. దేవుడు అన్నిచోట్లా ఉంటాడని నమ్మే మనిషే గాని, కెమ్నిట్జ్‌కి మాత్రం కొత్త అని ఎందుకో ఆయనకో అనుమానం. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ బిడ్డ సునీతకు మంగళవారం తొమ్మిదింబావుకి ఫారినర్స్ ఆఫీసులో టెర్మిన్ ఉన్నది. రెండవ అంతస్తు, గది నంబరు పద్నాలుగు. కుడివైపు కాదు తండ్రీ, ఎడమవైపు. బిడ్డ పాస్‌పోర్టు, ఫోటోలు, బ్యాంకు కాగితము తీసుకొని వెళ్లుచున్నది. ఇన్సూరెన్సు కాగితము మరచిపోకుండ జ్ఞాపకము చేయుము." ఇలా సాగేది. మధ్యలో ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూసి మళ్లీ మూసుకునేవారు. మాకు నవ్వాగేది కాదు. చున్నీ నోట్లో కుక్కుకునేవాళ్లం. ఇన్సూరెన్సు కాగితం నేను నిజంగానే మర్చిపోయి, ఆ ప్రార్థన మధ్యలో గుర్తొచ్చి పెట్టుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో మా హాస్టలు కారిడార్‌లో ఒక అట్టపెట్టె వెలిసింది. ఈ దేశంలో ఇదొక మంచి అలవాటు. అక్కర్లేనివి పెట్టెలో పెట్టి, ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకుపొమ్మని కాగితం అంటించి బయట పెడతారు. మా గిన్నెలు, దుప్పట్లు, బల్ల దీపం అన్నీ అలా వచ్చినవే. ఈ పెట్టెలో ఇంగ్లండ్ నుంచి వచ్చి చదువుకుని వెళ్లిపోతున్న పిల్ల వదిలేసిన డీవీడీలు ఉన్నాయి. ఒక బ్రిటిష్ టీవీ కామెడీ, నాలుగైదు డిస్కులు. అందులో వాళ్ల పనల్లా వేరే టీవీ ప్రోగ్రాములను వెక్కిరించడం. వార్తలు చదివేవాళ్లని, తోటపని నేర్పేవాళ్లని, పాత వస్తువులకి విలువ కట్టేవాళ్లని, ఇళ్లు చూపించేవాళ్లని ఎవర్నీ వదల్లేదు. తోటమాలి క్యారెట్ చెవిలో రహస్యం చెప్పినట్టు చెబుతాడు. ఇల్లు కొనడానికి వచ్చిన దంపతులు తలుపు పిడి నచ్చలేదని కోటలాంటి ఇంటిని కాదని వెళ్లిపోతారు. ఒక ముసలమ్మ వాళ్లాయన కట్టుడుపళ్లు బల్ల మీద పెడితే, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని ఒకాయన అటు తిప్పి ఇటు తిప్పి, ఇవి ఏ రాజుగారి కాలం నాటివో గంభీరంగా చెబుతాడు. వంటగదిలో అన్నం ఉడుకుతుంటే, కిటికీల మీద ఆవిరి పట్టేస్తే, మేం ఆ పాత లాప్‌టాప్ ఉల్లిపాయల బుట్ట మీద పెట్టుకుని రోజూ అవే చూసేవాళ్లం.

ఇక్కడే అసలు గమ్మత్తు. ఆ వెక్కిరింతకి అసలైన ప్రోగ్రాములు మేం ఒక్కటీ చూడలేదు. రాజమండ్రిలో, హనుమకొండలో మాకెక్కడివి బ్రిటిష్ వాళ్ల తోటలూ పాత సామానూ? నకలు కంఠతా వచ్చింది, అసలు ఎలా ఉంటుందో తెలియదు. తెలియదన్న సంగతీ మాకు తట్టలేదు. ఒక ఆదివారం రత్నం గారింట్లో టీవీ పెట్టారు. వాళ్లకి డిష్ ఉండేది, ఇంగ్లిష్ చానెల్ ఏదో వస్తోంది. ఒక హాలు, బల్ల వెనక కళ్లద్దాలాయన, ఎదురుగా ఒక ముసలావిడ చేతిరుమాల్లోంచి గడియారం తీస్తోంది. నేనూ కరుణా ఒకరి మొహం ఒకరు చూసుకుని ఘొల్లుమన్నాం. "అచ్చం మన డీవీడీల లెక్కనే ఉన్నదే!" అంది కరుణ. ఆయన కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు, మాకు కడుపులు చెక్కలయ్యాయి. రత్నం గారు టీవీ వంకా మా వంకా మార్చి మార్చి చూసి, "ఆవిడ ఏడుస్తోందమ్మా" అన్నారు. అప్పుడు చూశాం. నిజంగానే ఏడుస్తోంది. ఆ గడియారం చనిపోయిన భర్తదట. మాకు సిగ్గేసింది, తలొంచుకుని పప్పన్నం తిన్నాం. సిగ్గయితే వేసింది గాని బుద్ధి మాత్రం రాలేదు.

ఎందుకంటే ఆ చలికాలంలోనే మేమూ ఒకటి తీశాం. కరుణ తన పార్ట్‌టైమ్ పని డబ్బుతో చిన్న కెమెరా కొంది. నేను రాశాను, నేనే నటించాను. చెత్తను ఏ రంగు డబ్బాలో ఎందుకు వెయ్యాలో గంటసేపు ఉపన్యసించే, మా హాస్టలు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ వేషం కరుణ వేసింది. కెమ్నిట్జ్ వార్తలు నేను చదివాను, బంగాళాదుంపకి విలువ కట్టాను. ఆఖరికి రత్నం గారి ప్రార్థన. గది నంబర్లు, కుడివైపు ఎడమవైపు, ఒంటికన్నుతో గడియారం, ఏదీ విడిచిపెట్టలేదు. అవన్నీ ఆయనవే. ముగింపుకి ఏదైనా బలంగా ఉండాలని ఒక వాక్యం మాత్రం నేను కల్పించాను. రైల్వే స్టేషన్లో రోజూ వినే ప్రకటనలు చెవుల్లో మోగుతుంటాయి కదా, వాటినుంచి పుట్టింది: "తండ్రీ, నీ సహాయము ఆలస్యమైనా ఫరవాలేదు, రద్దు మాత్రం చేయకు." ఆ మాట ఆయన జన్మలో అనలేదు. దేవుడు ఆలస్యం చేస్తాడని అనుకోవడానికే ఆయనకి భయం. కానీ మా వంటగదిలో అందరూ పడిపడి నవ్వింది ఆ ఒక్క మాటకే. నేను పొంగిపోయాను. పరీక్ష పోయి, ఇంటికి చెప్పుకోలేక, చలికి ముక్కు కారుతూ ఉన్న ఆ నెలల్లో నన్ను చూసి నలుగురు మెచ్చుకున్నది అదొక్కదానికే.

తర్వాతి సెమిస్టరుకి కొత్త పిల్లలు దిగారు. మన సీనియర్లకి ఒక అలవాటు ఉంది కదా, కొత్తగా వచ్చినవాళ్లని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, అన్నం పెట్టి, ఊరి ఆఫీసులో అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించి, ఊరు చూపించడం. మేం ఊరికి బదులు డిస్కు చూపించాం. వాళ్లు రత్నం గారిని చూడలేదు. హౌస్‌మైస్టర్‌నీ చూడలేదు. ముందు నా దిండు పొట్ట చూశారు, నా కాటుక మీసం చూశారు. మేం ఆ ఇంగ్లిష్ ముసలావిడ విషయంలో చేసిన తప్పునే వాళ్లచేత పద్ధతిగా, పీట వేసి మరీ చేయిస్తున్నామని ఎవరికీ తట్టలేదు. నవ్వు నాలుగు విధాల చేటని మా నాయనమ్మ ఎందుకు అనేదో అప్పటికి అర్థం కాలేదు.

ఆ కొత్తవాళ్లలో ప్రవల్లిక అని గుంటూరు పిల్ల. అమాయకురాలు, కడుపులో ఏదీ దాచుకోదు. మొదటి ఆదివారం రత్నం గారింటికి మాతో వచ్చింది. భోజనాలకి ముందు ఆయన లేచి, ఆ పిల్ల తలకి కొంచెం పైన చెయ్యి చాపి మొదలుపెట్టారు. "తండ్రీ, గుంటూరు నుండి వచ్చిన నీ బిడ్డ ప్రవల్లిక నాలుగవ అంతస్తులో ఉన్నది. లిఫ్టు పనిచేయుటలేదన్న సంగతి..." అంతే. ప్రవల్లిక ముక్కుతో ఒక శబ్దం చేసింది. తర్వాత ఇక ఆగలేదు. కళ్లనీళ్లు కారేలా, కుర్చీ పట్టుకుని, ఆంటీ పులిహోర గిన్నె పట్టుకుని నిలబడి చూస్తుండగా నవ్వింది. ఆయన వాక్యం మధ్యలోనే ఆమేన్ అనేశారు. "ఏం జరిగిందమ్మా?" అని అడిగారు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "సారీ అంకుల్... మీరు అచ్చం వీడియోలో లాగే చేస్తున్నారు!" అంది ఆ పిల్ల, మెచ్చుకోలుగా.

ఏ వీడియో అని ఆయన అడగలేదు. మా మొహాలు చూశారు. కరుణ పళ్లెం వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. అప్పుడు నోరు తెరిచి నేనే తీశాను అంకుల్ అంటే అయిపోయేది. నాలుగు చివాట్లు పెట్టి పప్పు వడ్డించేవారు. నేను అనలేదు. "కూర్చోండమ్మా, అన్నం చల్లారిపోతోంది" అన్నారాయన. ఆ పైవారం నుంచి ఆయన పైకి ప్రార్థన చెయ్యడం మానేశారు. "ఎవరికి వారు మనసులో చేసుకుందాం" అని కళ్లు మూసుకునేవారు. గది నంబర్లు లేవు, అంతస్తులు లేవు. ఫైళ్లు రాని గుమాస్తాలా దేవుడు కూడా ఆ గదిలో పని లేకుండా కూర్చున్నట్టుండేది. నా థీసిస్ పరీక్షకి ముందురోజు వెళ్లాను. చెయ్యి నా తల మీద పెట్టి అరనిమిషం మౌనంగా నిలబడి తీసేశారు. ఏ గది, ఏ అంతస్తు, ఎన్నింటికి అని నేనే లోపల చెప్పుకున్నాను. ఆంటీ క్యారియర్‌లో పప్పు పోసి ఇచ్చింది. ఆ నెలాఖరుకే స్టుట్‌గార్ట్‌లో పని దొరికి వచ్చేశాను. పని దొరకడం కన్నా ఆ ఆదివారాలు తప్పడమే నాకు ఎక్కువ సంతోషమనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అది.

ఇదంతా గుర్తొచ్చి తల వేడెక్కి కరుణకి ఫోను చేశాను. అది ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కనే ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. "గా డిస్కు ఇంకా నీ తాన్నే ఉన్నదా? పారెయ్యలేదానే ఇన్నొద్దులు?" అంది. చెప్పేద్దామనుకుంటున్నానన్నాను. "ఇప్పుడెందుకే చెప్పుడు? ఆయన ఎప్పుడో మర్చిపోయిండు. ముసలాయన పోయేముందు మనసు కష్టపెడ్తవా? మంచిగ పప్పు పెట్టి పంపు." నిజంగా ఆయన మనసు గురించే అంటోందా, తన హౌస్‌మైస్టర్ వేషం గురించా అని అడిగాను. ఫోను పెట్టేసింది.

లియాకి ఇంకో రకంగా చెప్పి చూశాను. ఆయన ఎవరో, ఎంతమందికి తక్కువ అద్దెలో గదులు వెతికిపెట్టారో, ఎంతమందిని ఆసుపత్రికి తీసుకెళ్లారో చెబుతుంటే అది ఫోను చూస్తూ "యా, యా" అంటోంది. ఈ కాలం పిల్లలకి ఏదైనా వెక్కిరింత రూపంలోనే ముందు చేరుతుంది. పాట రాకముందే పాటకి పేరడీ చూస్తారు. ఏదైనా ఊరికి వెళ్లకముందే ఆ ఊరివాళ్ల యాసని ఎవరో ఫోనులో ఇరవై సెకన్లలో ఎలా మాట్లాడారో చూస్తారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ తలూపుతుంటే ఇది నవ్వింది. ఎందుకే అంటే, ఇండియా అమ్మమ్మలు ఇలాగే ఊపుతారని వీడియోలో చూసిందట. సొంత అమ్మమ్మని! నాకు ఒళ్లు మండి, ఫోను లాక్కుని, మీ తరానికి అసలంటూ ఏదైనా తెలుసా అని అరిచాను. ఆ అరుపు నోట్లో ఉండగానే ఉల్లిపాయల బుట్ట, దాని మీద లాప్‌టాప్, కొత్త పిల్లల్ని వరసగా కూర్చోబెట్టిన ఆ వంటగది కళ్ల ముందు కనబడ్డాయి. అప్పుడు మాది నాలుగు డిస్కుల పెట్టె, వీళ్లది జేబులో పట్టే ఫోను. తేడా అదొక్కటే. పెద్ద నీతిమంతురాలిలా దాని మీద ఎగిరినందుకు నా మీద నాకే ఇంకా ఎక్కువ చిరాకేసింది.

శనివారం పన్నెండింటికి ఎస్-బాన్ రైలు దిగి వచ్చారు రత్నం గారు. నేను స్టేషన్‌కి వెళ్లాను. బాగా వంగిపోయారు, చొక్కా మాత్రం తెల్లగా, ఇస్త్రీ మడతతో అలాగే ఉంది. ఇంటికొచ్చి మా గుమ్మంలో మా అందరి బూట్లూ ఒంగి తలుపువైపు తిప్పి పెడుతుంటే, వద్దంకుల్ అని కసిరాను. నాకు ఏ చిన్న విషయానికీ ఓపిక లేకుండా పోయింది ఆ పూట. క్యారియర్ చేతికిస్తే పిడి మీది ఎర్ర దారం తడిమి చూసి, "ఇది నీ దగ్గరుందా! పక్కింటి జర్మనావిడ మీద అనుమానపడింది పాపం ఆంటీ, ఎన్నేళ్లో" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బల్ల మీద రబార్బర్ పప్పు, వంకాయ, పెరుగు పెట్టాను. లియాని వంటగదిలోకి లాగి, నవ్వావంటే నెల రోజులు ఫోను ఉండదని జర్మన్లోనే చెప్పాను, అర్థం కాలేదనే సాకు లేకుండా.

ఎవరికి వారు మనసులో చేసుకుందాం అంటారనుకున్నాను. అలా అంటే ఈ గండం గడిచేది. ఆయన లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి పైకెత్తారు. "పరిశుద్ధుడవైన తండ్రీ, జిండెల్ఫింగెన్‌లో, మూడవ అంతస్తులో, ఎడమవైపు తలుపు, నీ బిడ్డ సునీత ఇంట్లో ఉన్నాము." లియా పెదవి పళ్లతో నొక్కి పట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను బల్ల కింద దాని మోకాలు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మెట్లు తుడిచే వంతు గురించి చెప్పారు, గుమ్మం మీద బోర్డు చూశారు కాబోలు. లియా స్కూలు గురించి చెప్పారు. ఒక కన్ను తెరిచి గడియారం చూశారు. లియా గొంతులో చిన్న శబ్దం వచ్చింది, అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన గొంతు తగ్గింది. "నేను వచ్చే గురువారము ఫ్రాంక్‌ఫర్ట్ నుండి బయలుదేరుచున్నాను తండ్రీ. అక్కడికి పోయిన తరువాత, నన్ను ఎస్తేరు దగ్గరకు ఎప్పుడు చేర్చుదువో ఆ సంగతి నీ చేతిలో ఉన్నది. ఆలస్యమైనా ఫరవాలేదు. రద్దు మాత్రం చేయకు. ఆమేన్."

లియా నవ్వలేదు. తిరిగి నా వంక చూసింది, భయపడినట్టు. నా చెయ్యి దాని మోకాలి మీదే ఉండిపోయింది. కూర్చోబోతున్న మనిషిని కూర్చోనివ్వకుండా, "అంకుల్, ఆ మాట..." అన్నాను.

"నీదే కదమ్మా" అన్నారు ఆయన, గిన్నె దగ్గరికి జరుపుకుంటూ. "ఆ గుంటూరు పిల్ల ఆ మరుసటి వారమే ఏడుస్తూ వచ్చి తన దగ్గరున్న ఆ డిస్కు కాపీ ఇచ్చేసింది. నాకు చాలా కోపం వచ్చింది. నోరు తెరిస్తే చాలు, నా చెవిలో నీ గొంతే వినబడేది, ప్రార్థన సాగేది కాదు. ఎన్నాళ్లో అలాగే ఉన్నాను. ఆంటీ మాత్రం ఎంత నవ్విందో! రైలు ప్రయాణాల్లో, ఆసుపత్రిలో, ఎక్కడ విసుగొచ్చినా ఆ మాటే అనేది. చివర్లో ఆవిడ మంచాన పడ్డాక ఏం అడగాలో నాకు తెలియలేదమ్మా. బాగుచెయ్యమని అడిగే దశ దాటిపోయింది. ఒకరోజు ఆవిడే, నీ మాట చెప్పి, ఇది అడగండి అంది. అప్పట్నుంచి అదే అడుగుతున్నాను."

నాకు దుఃఖం రావలసిన చోట కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు నేను ఆ ఊరి పేరు వినబడితే మాట మార్చాను. ఆదివారాలు వంట చేస్తూ ఉలిక్కిపడ్డాను. ఆంటీ పోతే మొహం చెల్లక పూలు పంపి ఊరుకున్నాను. ఈయనేమో నా నేరాన్ని ఇంచక్కా ఇంటికి తీసుకెళ్లి, ఉతికి, ఇస్త్రీ చేసి రోజూ వాడుకుంటున్నారు! "తెలిసినప్పుడు ఒక్క ఫోను చేసి తిట్టకూడదా అంకుల్? ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారు?" అని బల్ల మీద చెయ్యి కొట్టి అడిగాను.

"నువ్వే చేస్తావేమోనని చూశానమ్మా" అన్నారు.

లియా మా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంది, చేతిలో ఫోను లేదు. పప్పు గరిటె పట్టుకుని నిలబడి, పోట్లాడుతున్న గొంతుతోనే, "నన్ను క్షమించండి అంకుల్" అన్నాను.

ఆయన కంచం నా వైపు జరిపారు, వడ్డించమని.

"ఆలస్యమైనా ఫరవాలేదులే తల్లీ" అన్నారు.